జాకెట్టుకో న్యాయం, స్వెట్టర్‌కో న్యాయమా?

అరంగుళం టక్కు ఎక్కువైందని టైలర్‌తో అరగంట వాదిస్తాం. ఆది జాకెట్టు ఇచ్చి, అది చాలదన్నట్టు "భుజం దీనంత వద్దు, ఛాతీ దగ్గర కాస్త వదులు, చంక కోత మాత్రం ముట్టుకోవద్దు" అని నాలుగుసార్లు చెప్పి మరీ వస్తాం. అదే మనం, నెలా రెండు నెలలు కూర్చుని సొంత చేతులతో అల్లుకునే హుడ్ కార్డిగన్ దగ్గరికొచ్చేసరికి, మనల్ని ఎప్పుడూ చూడనివాళ్ళు రాసిన ప్యాటర్న్‌లో అంకెకి తలవంచేస్తాం. అది ఒంటికి పట్టకపోతే ప్యాటర్న్‌ని కాదు, ఒంటిని తిట్టుకుంటాం. "నాకివన్నీ నప్పవులే, లావైపోయాను" అని మడతపెట్టి బీరువా పైఅరలో పడేస్తాం.

దీనికి మూలం మనందరం ఒకరికొకరు ఇచ్చుకునే ఒక ఉచిత సలహా: "ఎందుకొచ్చిన గొడవమ్మా, ఒక సైజు పెద్దది అల్లేసుకో." ఎంతో ప్రేమగా చెప్పే ఈ మాట శుద్ధ తప్పు అంటాను నేను.

ఎందుకంటే ఒళ్ళు అన్నివైపులా ఒకేలా పెరగదు. ఇద్దరు పిల్లల్ని కన్నాక ఛాతీ పెరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, మోచేతి పైన కండ పెరుగుతుంది. భుజం ఎముక మాత్రం పెళ్ళినాటిదే. పెద్ద సైజు ప్యాటర్న్‌లో ఛాతీతో పాటు భుజమూ పెరుగుతుంది, మెడా పెరుగుతుంది, చంకా కిందికి దిగుతుంది. ఫలితం మనకు తెలిసిందే. భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది. చెయ్యెత్తితే కార్డిగన్ మొత్తం పైకి లేస్తుంది. మెడ వెడల్పై, హుడ్ బరువుకి వెనక్కి లాగుతుంది. ముందు అంచు మాత్రం ఛాతీ మీదుగా పైకి లేచి, వెనక అంచు కన్నా రెండంగుళాలు పొట్టిగా కనిపిస్తుంది. అంటే పెద్దది చేసినా కావలసిన చోట చాలలేదు, అక్కర్లేని చోట ఎక్కువైంది.

టైలర్ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. భుజానికి సరిపోయే సైజు తీసుకుని, కావలసిన చోట కలుపుకోవాలి. భుజం కుదిరితే మిగతాదంతా సర్దుకోవచ్చు. భుజం తప్పితే ఏదీ సర్దలేం.

లెక్క చూడండి. టేపుతో రెండు కొలతలు తీసుకోండి: చంకల కిందుగా, రొమ్ముల పైనుంచి ఒకటి; నిండు ఛాతీ దగ్గర ఇంకొకటి. మొదటిది 36, రెండోది 41 అంగుళాలు అనుకుందాం. అల్లిక పూర్తయ్యాక 40 అంగుళాలు వచ్చే సైజే ఈవిడకి సరైంది, ఎందుకంటే 36కి నాలుగంగుళాల వదులు దొరుకుతుంది, భుజం కుదురుతుంది. ఛాతీ దగ్గర కావలసినవి 44. తక్కువైన ఆ నాలుగంగుళాలూ ముందు భాగాల్లోనే కలపాలి, ఒక్కో పక్క రెండేసి. మీ అల్లికలో నాలుగంగుళాలకి 18 కుట్లు పడితే అంగుళానికి నాలుగున్నర. రెండంగుళాలకి 9 కుట్లు. కింది నుంచి ఛాతీ చేరేలోగా ఆ తొమ్మిదీ పెంచండి, ఛాతీ దాటి భుజం చేరేలోగా తొమ్మిదీ తగ్గించండి. వెనక భాగం జోలికి వెళ్ళనక్కర్లేదు. జాకెట్టులో డాట్ చేసే పని ఇదే కదా!

ముందు అంచు పైకి లేవడానికి వేరే మందు ఉంది. భుజం మీద ఒకే చోటి నుంచి నడుము దాకా ముందూ వెనకా కొలవండి. ముందు రెండంగుళాలు ఎక్కువ వస్తే, ఆ పొడవు ముందు భాగాలకి మాత్రమే కలపాలి. బొత్తాల అంచు నుంచి మొదలుపెట్టి, పక్క కుట్టు దాకా వెళ్ళకుండా మధ్యలోనే తిప్పేసే షార్ట్ రోలు దీనికి వాడతాం. నాలుగంగుళాలకి 24 వరుసలు వస్తుంటే రెండంగుళాలకి 12 వరుసలు, అంటే ఆరు సార్లు వెళ్ళి రావడం. ప్రతిసారీ రెండు మూడు కుట్లు ముందుగానే తిప్పుతూ పోతే వాలు నున్నగా వస్తుంది. బొత్తాల పట్టీకి కుట్లు ఎత్తేటప్పుడు ఈ పొడవుకీ ఎత్తడం మర్చిపోకండి.

ఇక హుడ్. చాలా ప్యాటర్న్‌లలో హుడ్ నున్నటి తలకి కొలిచినట్టే ఉంటుంది. కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళే మన అమ్మలకి కొప్పు ఉంటుంది. ఆ హుడ్ వేసుకుంటే కొప్పు దగ్గర ఆగిపోయి, చెవులు చలికి వదిలేస్తుంది. "అమ్మా, జుట్టు కత్తిరించుకో" అందామా, పన్నెండు కుట్లు కలుపుదామా? కొప్పు వేసుకునే, మెడ కింది గుంట నుంచి తల మీదుగా మళ్ళీ అక్కడికే టేపు పెట్టి కొలవండి. 28 వస్తే సగం 14, దానికో అంగుళం వదులు కలిపి హుడ్ ఎత్తు 15. వెనక మధ్యగీతకి అటో ఆరు, ఇటో ఆరు కుట్లు పెంచి, కొప్పు దాటాక తగ్గించేస్తే రెండున్నర అంగుళాల పైనే చోటు దొరుకుతుంది. ఇంకొక్క మాట: మెడ వెనక కుట్లను సూది మీద ఉంచి అలాగే హుడ్‌లోకి వెళ్ళిపోకండి. ఒకసారి ముగించి, మళ్ళీ ఎత్తుకుని అల్లండి. ఆ గట్టి అంచే హుడ్ బరువు మోస్తుంది. లేకపోతే మెడ సాగుతుంది.

"ఇన్ని లెక్కలా? ఇంట్లో వేసుకునేదేగా" అంటారు. ఇంట్లో వేసుకునేదే, పొద్దున్నే వంటింట్లో పాలు కాచేటప్పుడు చెయ్యి పైఅరకి అందాల్సింది ఆ స్వెట్టర్‌లోనే. పైగా లెక్క వేయకపోతే పోయేది మన రెండు నెలలు. ప్యాటర్న్‌లో నాలుగంగుళాలకి 18 కుట్లని ఉండి, మన చేతికి 16 పడితే, 40 అంగుళాలకని వేసుకున్న 180 కుట్లు 45 అంగుళాలవుతాయి. నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలిచే ఒక్క సాయంత్రం దాన్ని ఆపేస్తుంది. "ఉతికితే అదే సర్దుకుంటుందిలే" అనే మాట అసలు నమ్మొద్దు. ఉన్ని తడిపి ఆరబెడితే కొంత మాట వింటుంది. మనం ఎక్కువగా కొనే యాక్రిలిక్ దారం అంత వినదు.

"ప్యాటర్న్ మార్చడానికి మనమెవరం?" అనేది ఇంకో సంకోచం. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1971లోనే 'నిట్టింగ్ వితౌట్ టియర్స్' రాసి, నీ అల్లిక కొలతా నీ ఒంటి చుట్టుకొలతా తెలిస్తే నీ స్వెట్టర్ లెక్క నువ్వే వేసుకోగలవని ఆడవాళ్ళకి నేర్పింది. ఆ మరుసటేడు బార్బరా వాకర్, మెడ నుంచి కిందికి అల్లుకుంటూ మధ్య మధ్యలో వేసుకుని చూసుకునే పద్ధతి మీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది. వాళ్ళు ఇచ్చిన అనుమతి అప్పటినుంచీ అక్కడే ఉంది.

"లావుగా ఉన్నవాళ్ళకి వదులే అందం" అనే మాట ఉందే, అది సలహా కాదు, దాక్కోమని చెప్పడం. వదులు కావాలని కోరి అల్లుకుంటే అది ముచ్చట. భుజం జారేలా గీసిన డిజైన్లు నాకూ ఇష్టమే. ఎదిగే పిల్లలకి ఒక సైజు పెద్దది అల్లడంలోనూ అర్థముంది. నలభై ఐదేళ్ళ మనిషి భుజాలు ఇంకా ఎదుగుతాయని ఎవరి ఆశ?

సర్దుకుపొమ్మని మనకి చెప్పని చోటు ఏదైనా ఉందా? బస్సు సీటు దగ్గర, పండగ భోజనాల బంతి దగ్గర, ఉద్యోగం మానెయ్యాల్సిన దగ్గర, అన్నిచోట్లా సర్దుకున్నాం. సూదులు రెండూ మన చేతిలో, దారం మన డబ్బుతో కొన్నది, కుట్టు కుట్టూ మన వేళ్ళ మీదుగా వెళ్ళేది. ఇక్కడ కూడా ప్యాటర్నే కూర్చుని, మనం లేచి చోటివ్వాలా? మొదటి కుట్టు వేసే ముందు మీ కొలతలు పెన్నుతో ఒక పుస్తకంలో రాసుకోండి, పక్కన మార్చిన కుట్ల లెక్క రాసుకోండి. జాకెట్టుకి ఆది ఉన్నట్టే స్వెట్టర్‌కీ మీ ఆది మీ దగ్గర ఉండాలి.