తాగుడు మానాలంటే తోడు కావాలి

సంక్రాంతి సెలవులకు హాస్టల్ ఖాళీ అవుతుంటే అందరూ సంబరంగా పెట్టెలు సర్దుకునేవారు. మాలో కొందరం మాత్రం ఆఖరి బస్సు దాకా ఆగేవాళ్ళం. ఇంట్లో నాన్న ఏ స్థితిలో ఉంటాడోనన్న భయం. ఒకే గదిలో ఏళ్ళ తరబడి పక్కపక్కన పడుకున్నా ఈ మాట ఒకరికొకరం చెప్పుకోలేదు. మా ఇళ్ళల్లో తొలి డిగ్రీ పట్టా అందుకుని, ఇప్పుడు పీజీ చదువుతున్న మేము ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మాటే రాయాలనుకున్నాం.

తాగేవాడికి మన సమాజం రెండే మందులు ఇస్తుంది. ఒకటి తిట్టు, రెండోది ఒట్టు. కర్పూరం ఆర్పి ఒట్టేసిన నాన్నలను మేము చూశాం. మూడోరోజుకు ఆ ఒట్టు గట్టెక్కేది. మళ్ళీ తిట్లు మొదలు. మద్యానికి బానిస కావడం ఒక జబ్బని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అయినా 2019లో విడుదలైన ఎయిమ్స్ సర్వే ప్రకారం, మన దేశంలో అలాంటి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్య సహాయం అందింది.

మూడో దారి ఒకటుంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణానికి పనిమీద వెళ్ళిన బిల్ విల్సన్ అనే షేర్ బ్రోకరు, తాగుడు మానిన కొన్ని నెలలకే మళ్ళీ మనసు బారు వైపు లాగితే, తనలాంటి మరో మనిషి కోసం వెతికాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. బిల్ ఆయనకు నీతులు చెప్పలేదు, తన కథ చెప్పాడు. ఆ కలయికే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘమైంది. మన నగరాల్లోనూ దాని సమావేశాలు జరుగుతున్నాయి.

అక్కడ ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు అడగరు. మన ఊళ్ళల్లో ఇంటిపేరు అడగడమంటే చాలాసార్లు కులం అడగడమే. అది అడగని చోటు ఉందని తెలిసి మాకు ఆశ కలిగింది. ఒకరు తన అనుభవం చెబుతుంటే మిగతావాళ్ళు అడ్డు తగలకుండా వింటారు. జన్మలో తాగనని ఒట్టు వేయించరు, ఈ ఒక్కరోజు తాగకుండా గడపమంటారు. కొత్తవాడికి ముందే మానిన ఒకరు తోడుంటారు. సాయంత్రం ప్రాణం లాగితే ఆయనకు ఫోను చెయ్యొచ్చు. మళ్ళీ తాగి తప్పినా తలుపు మూయరు.

ఇది వట్టి ఓదార్పు కాదు. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి, ఈ సంఘాల వైపు నడిపించే చికిత్స పూర్తిగా మానిపించడంలో ఇతర చికిత్సలకు సమానంగానో, మెరుగ్గానో ఉందని తేల్చింది. అయితే ఏళ్ళుగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ సంఘం మెట్లలో దేవుడి మాట ఉందని కొందరికి అభ్యంతరం. ఎవరి నమ్మకం వారిదేనని, ఆ శక్తిని సంఘంలోనే చూసుకోవచ్చని సభ్యులంటారు.

ప్రభుత్వం సారా దుకాణాలు మూస్తే చాలదా అని అడగవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న అక్కలు, అమ్మలు తమ కష్టాలు చెప్పుకునే సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో సడలించారు. చట్టం వచ్చింది, పోయింది. తాగే మనిషి పక్కన కూర్చుని వినే మనిషి మాత్రం మా వాడకు రానేలేదు. దుకాణం మూయడంతోపాటు ఆ తోడు కూడా కావాలన్నదే మా అభిప్రాయం. ప్రతి మండలంలో ప్రభుత్వ ఆసుపత్రి ఒక గది, వారానికి ఒక సాయంత్రం ఇస్తే చాలు.

తాగేవాళ్ళ ఇంటివారికి కూడా 1951 నుంచి అల్-అనాన్, పిల్లలకు 1957 నుంచి అలటీన్ అనే సంఘాలున్నాయి. నాన్న తాగడానికి తాను కారణం కాదని పిల్లవాడు అక్కడ తెలుసుకుంటాడు. ఆ ఒక్కమాట మాకు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవాళ్ళమో!

తమ్ముళ్ళూ, ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఒక గంట గుండ్రంగా కూర్చోండి. చెప్పాలనుకున్నవాడు చెబుతాడు, మిగతావాళ్ళు వినండి. విన్నది గది దాటనివ్వకండి. నాన్నకు సాయం కావాలంటే 14446కు ఫోను చెయ్యండి, డబ్బులు పడవు. ఈసారి పండక్కి మీరు మొదటి బస్సే ఎక్కాలని మా కోరిక.