స్క్రూలు లేని సరుకు

వంకాయలు కొనేటప్పుడు తొడిమ వొత్తి చూస్తాం. కుండ కొంటే వేలితో మీటి చూస్తాం. చీరైతే సరేసరి! మడతలన్నీ విప్పించి, అంచు తిరగేసి, కొంగు వెలుతుర్లో పట్టి చూసి, కొట్టువాడి ఓపికని పూర్తిగా పరీక్షించాకే బేరం మొదలెడతాం. అటువంటి మనం 20 వేలు పోసి ఫోను కొనేటప్పుడు ఏం చూస్తున్నాం? వెనకవైపు రంగు! కెమెరా కళ్ళు మూడున్నాయా, నాలుగున్నాయా అని లెక్క! రేపది పాడైతే మూత తెరుచుకుంటుందా, లోపలి భాగాలు బజార్లో దొరుకుతాయా అని అడిగిన ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు.

ఒక్క మనవి. నేను యంత్రాలంటే గిట్టని మనిషిని కాను. “రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు” అని నిట్టూర్చే బాపతు అసలే కాదు. రోలు ముందు కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఆ రుచి సంగతీ, నడుము సంగతీ! కొత్త కంప్యూటరు ఏదైనా వచ్చిందంటే దాని గుణగణాలు చదివితేగాని నాకు నిద్ర పట్టదు. పిల్లలతో సమానంగా వీడియో గేములు ఆడతాను. మా వంటింట్లో స్క్రూడ్రైవర్ల డబ్బా పోపుల డబ్బా పక్కనే ఉంటుంది. మావారు “ఇది వంటిల్లా, వర్క్‌షాపా?” అని సణిగినా సరే, అది అక్కణ్ణించి కదలదు. కనక ఈ వస్తువులంటే నాకున్నది ప్రేమే. ఆ ప్రేమకొద్దీ పోట్లాటకి వచ్చాను.

నా వాదన ఒకటే. మూత తెరిచి బాగుచేసుకునే వీల్లేని వస్తువుని మనం కొన్నామన్న మాటేగాని, అది మనది కాదు. డబ్బంతా ఒకేసారి పోసి అద్దెకి తెచ్చుకున్నట్టు లెక్క.

కుక్కరు సంగతే చూడండి. గాస్కెట్ సాగిపోతుంది. సేఫ్టీ వాల్వు పోతుంది. కొత్తవి తెచ్చి మనమే వేసుకుంటాం. ఏ ఇంజనీర్నీ పిలవం. అందుకే పెళ్ళినాడు పుట్టింటివారిచ్చిన కుక్కరు పిల్లల పెళ్ళిళ్ళ దాకా నిక్షేపంలా ఈల వేస్తుంది. ఫోనులో బ్యాటరీ కూడా ఆ గాస్కెట్ లాంటిదే. కొన్ని వందలసార్లు ఛార్జి చేసేసరికి మొదట్లో పట్టినంత పట్టదు. అది దాని స్వభావం, ఎవర్నీ తప్పు పట్టక్కర్లేదు. కాని అరిగిపోతుందని తెలిసిన భాగాన్ని జిగురేసి అతికించి, పైన మూత మూసెయ్యటం ఉందే, అది తప్పు. గాస్కెట్‌ని మూతకి వెల్డింగు చేసి అమ్మితే ఊరుకుంటామా? గిన్నె మొహాన కొట్టి రామూ? 2010 ప్రాంతంలో మనం వాడిన ఫోన్లు గుర్తు తెచ్చుకోండి. వెనక మూత గోటితో తీసి, బ్యాటరీ మార్చుకునేవాళ్ళం కదా!

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు లెండి. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలవాళ్ళు కూడి ఒక గూడుపుఠాణీ చేశారు. దాన్ని ఫీబస్ కూటమి అంటారు. అప్పటికే 1500 గంటలు, 2000 గంటలు వెలిగే బల్బులుండేవి. వాళ్ళంతా కలిసి బల్బు ఆయుర్దాయం 1000 గంటలని ఖాయం చేశారు. అంతకంటే ఎక్కువకాలం వెలిగే బల్బులు చేసిన కంపెనీకి జరిమానా! వెలుతురు బాగుండాలనే ఆ ఏర్పాటని వాళ్ళ సమర్థన. వెలుతురు కోసమే అయితే జరిమానాలెందుకో నాకు బోధపడదు.

పోనీ అది తాతలనాటి కథ అనుకుందాం. 2017 డిసెంబర్లో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ అరిగిన పాత ఐఫోన్లని సాఫ్ట్‌వేరు ద్వారా నెమ్మది చేస్తున్నట్టు ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. నిజమే కావచ్చు. కాని ఆ ముక్క ముందే చెబితే, జనం బ్యాటరీ మార్పించుకుని ఊరుకునేవాళ్ళు కదా! చెప్పకపోయేసరికి, పాపం, ఫోనే ముసలిదైపోయిందని కొత్తది కొన్నవాళ్ళుండరూ? పొమ్మనలేక పొగబెట్టటమంటే ఇదే. ఆ మాట చెప్పకుండా దాచినందుకు 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇంకో విడ్డూరం వినండి. మనుషుల పెళ్ళిళ్ళకే జాతకాలు చూడటం తగ్గుతున్న రోజుల్లో ఫోన్లకి జాతకాలు మొదలయ్యాయి. ఒక ఫోనులోంచి తీసిన అసలు సిసలు స్క్రీనుని, అదే కంపెనీది, అదే మోడలుది, ఇంకో ఫోనుకి బిగించారనుకోండి. కొన్ని ఫోన్లు ఒప్పుకోవు. “ఈ భాగం గుర్తు పట్టలేకపోతున్నాం” అని గొణుగుతాయి, కొన్ని పనులు మానేస్తాయి. కంపెనీవాడి సాఫ్ట్‌వేరు పురోహితుడు వచ్చి ముడివేస్తేనే ఆ రెండింటికీ కాపరం కుదురుతుంది! దొంగ సరుకు అరికట్టటానికని వాళ్ళంటారు. మరి నా పాత ఫోను స్క్రీను నా కొత్త ఫోనుకి వేసుకుంటే అందులో దొంగతనమేముంది? అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2024లో ఈ జాతకాల పద్ధతిని అడ్డుకుంటూ చట్టం చేసింది.

తెరవనివ్వకపోవటం ఒక ఎత్తు. అమ్మినదాన్ని వెనక్కి లాక్కోవటం ఇంకో ఎత్తు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, జనం డబ్బిచ్చి కొనుక్కున్న కొన్ని పుస్తకాలని వాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి చెప్పాపెట్టకుండా చెరిపేసింది. వాటిల్లో జార్జి ఆర్వెల్ రాసిన ‘1984’ ఒకటి. అమ్మినవాళ్ళకి హక్కుల్లేవని తర్వాత తెలిసిందట. డబ్బు వాపసిచ్చారు, క్షమాపణా చెప్పారు. అయినా అడుగుతాను, పుస్తకాల కొట్టువాడు అర్ధరాత్రి మనింట్లో జొరబడి, బీరువాలోంచి పుస్తకం తీసుకుని, బల్లమీద డబ్బు పెట్టి పోతే “పెద్దమనిషి” అంటామా?

గేముల సంగతి మరీ అన్యాయం. యుబిసాఫ్ట్ అనే కంపెనీ 2014లో ‘ది క్రూ’ అని కార్ల పందేల ఆట ఒకటి అమ్మింది. 2024 మార్చి 31న తన సర్వర్లు మూసేసింది. అంతే, ఒంటరిగా ఆడుకుందామన్నా ఆ ఆట నడవకుండా పోయింది. డిస్కు కొని అల్మైరాలో దాచుకున్నవాళ్ళకి మిగిలింది మెరిసే పళ్ళెం. మా నాయనమ్మ ఆడిన అష్టాచెమ్మా గవ్వలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. వాటిని పడనివ్వటానికి ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

నాతో వాదించేవాళ్ళు మూడు మాటలంటారు. మొదటిది, “నీళ్ళు లోపలికి పోకుండా ఉండాలంటే జిగురు తప్పదండీ” అని. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 అనే ఫోను 2014లో వచ్చింది. దాని వెనక మూత చేత్తో తియ్యొచ్చు, బ్యాటరీ మార్చొచ్చు. నీళ్ళకీ తట్టుకునేది. పన్నెండేళ్ళ కిందట చేతనైనది ఇప్పుడెందుకు చేతకాదు?

రెండోది, “తెలియనివాళ్ళు విప్పితే ప్రమాదం” అని. ఇది నేనూ ఒప్పుకుంటాను. మైక్రోవేవ్ ఓవెన్ మూత మీరు చచ్చినా తియ్యకండి. ప్లగ్గు పీకాక కూడా లోపల కరెంటు నిలవుంటుంది. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చకండి, మండుతుంది. కాని బాగుచేయించుకునే హక్కంటే అందరం స్క్రూడ్రైవర్లు పట్టుకోవాలని కాదు. మనకి నమ్మకమున్న మెకానిక్కుకి భాగాలూ, సర్క్యూటు వివరాలూ అందాలని. వైద్యం తెలియనివాళ్ళు కత్తి పట్టకూడదు, నిజమే. అందుకని ఊరంతటికీ ఒక్కటే ఆస్పత్రి ఉండాలంటామా?

మూడోది అందరి నోటా వినిపించేదే. “రిపేరు ఖర్చుకి కొత్తదే వస్తుంది.” దానికి మా వాషింగ్ మెషీన్ సంగతి చెప్పాలి. అది ఆగిపోతే కంపెనీ మనిషి వచ్చి “బోర్డు పోయిందమ్మా” అన్నాడు. బోర్డు ఖరీదు చూస్తే మెషీన్ ఖరీదులో సగానికి దగ్గర! “ఇంత పెట్టేకంటే ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోండి” అని సలహా కూడా పారేశాడు. మా వీధి చివర టీవీలు బాగుచేసే అబ్బాయి అదే బోర్డుని బల్లమీద పెట్టి, మాడిపోయిన రిలే ఒకటి చూపించాడు. ఆ భాగం ఖరీదు అరకిలో పెసరపప్పంత కూడా లేదు. ఆ అబ్బాయి కూలి కలిపినా వెయ్యి దాటలేదు. మెషీన్ ఇవాళ్టికీ తిరుగుతోంది. తేలిందేమిటి? రిపేరు ఖరీదైనది కాదు. చిన్న భాగం అమ్మకుండా పెద్ద బోర్డే అమ్ముతామనటం వల్ల ఖరీదైంది.

హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గర జగదీశ్ మార్కెట్టుకి వెళ్ళి చూడండి. అగ్గిపెట్టెలంత కొట్లలో కూర్చుని, భూతద్దం కింద ఆవగింజంత భాగాలు అతికే కుర్రాళ్ళు కనిపిస్తారు. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్లో పాత కంప్యూటర్లకి మెమరీ పెంచి, ఎస్ఎస్‌డీ వేసి, నీరసంగా మూలిగే యంత్రాన్ని పరుగులు పెట్టిస్తారు. మూత తెరవని సరుకు ఎక్కువైనకొద్దీ ముందు పోయేది ఈ పనిమంతుల తిండి. తర్వాత పోయేది మన డబ్బు. ఆ తర్వాత చెత్త! 2022 ఒక్క ఏట్లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, తిరిగి వాడకానికి తెచ్చినట్టు నమోదైంది నాలుగోవంతు కూడా లేదు.

ఇదంతా మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అంటారేమో. మిక్సీ కథ చెబుతాను వినండి. బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు గారి శ్రీమతి మాధురి దగ్గర జర్మనీ నుంచి వచ్చిన బ్రాన్ మిక్సరు ఉండేది. అది పాడైపోయింది. మన దేశంలో బాగుచేసేవాళ్ళు దొరకలేదు. మన పప్పులకీ, దినుసులకీ తట్టుకునే యంత్రం మీరే చెయ్యకూడదా అని ఆవిడ పట్టుబట్టింది. గట్టి మోటారుతో ఆయన చేసిందే సుమీత్ మిక్సీ. 1963లో మాట. మన ఇడ్లీపిండికీ, కొబ్బరి పచ్చడికీ దారి చూపించింది, బాగుచేసే దిక్కులేని ఒక మిక్సరూ, ఊరుకోని ఒక ఇల్లాలూ! యంత్రం ఆగిపోతే ఆ చాకిరీ పడేది మన నడుం మీద. కాబట్టి “నీకు తెలీదులే” అనే మాట ఇక చెల్లదు.

బయటి దేశాలు కదిలాయి. ఫ్రాన్సు 2021 జనవరి నుంచి ఫోన్లూ, ల్యాప్‌టాప్‌లూ, టీవీలూ, వాషింగ్ మెషీన్లూ ఎంత సులువుగా బాగుచెయ్యొచ్చో పదికి మార్కులు వేసి చూపించాలంది. 2025 జూన్ నుంచి ఐరోపా యూనియన్‌లో ఫోన్లమ్మే కంపెనీలు, ఒక మోడలు అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ళపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరికేట్టు చూడాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఈ హక్కు మీద కమిటీ వేసింది. ఆ డిసెంబర్లో పోర్టల్ కూడా తెరిచింది. సంతోషం. కాని ఫోన్ నంబర్ల పట్టికతో భాగాలు దొరకవు. కంపెనీలకి ఎన్నేళ్ళని గడువు పెట్టి, ఆ మాట డబ్బామీద ధర పక్కనే అచ్చు వేయించాలి. అంతకంటే తక్కువకి నేను సరే అనను.

ఈలోగా మనం చెయ్యగలిగింది లేకపోలేదు. ఈసారి ఏ వస్తువు కొన్నా కొట్లో నాలుగు ప్రశ్నలడగండి. ఇందులో బ్యాటరీ మార్చొచ్చా, ఎంతవుతుంది? విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయి? సాఫ్ట్‌వేరు ఎన్నేళ్ళు ఇస్తారు? బయటి మెకానిక్ చేత విప్పిస్తే వారంటీ ఏమవుతుంది? వారంటీలో ఉండగా మొండికేస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

మీ ప్రశ్నలకి కొట్లో కుర్రాడు తెల్లమొహం వేస్తాడు, సందేహం లేదు. వాడికెవరూ నేర్పలేదు, మనమెవరం అడగలేదు. రోజుకి పదిమంది అడిగారనుకోండి, వారం తిరిగేసరికి వాడు యజమానిని అడుగుతాడు, యజమాని కంపెనీని అడుగుతాడు. అప్పటిదాకా, జవాబు చెప్పలేని కొట్లో పర్సు తియ్యకండి.