మ్రోగని గంట

క్రిందటి పుష్యమాసంలో మా వీధిలో ఒక యింటి కోడలు స్నానాలగదిలో స్పృహ తప్పింది. ఉపవాసం వలని నీరసమన్నారు కొందరు, దిష్టి అన్నారు మరికొందరు. తలుపు పగులగొట్టి వాకిట్లోకి తెచ్చాక, ఆమె అదృష్టం, తెలివి వచ్చింది. లోపల గ్యాస్ గీజరు ఇంకా మండుతూనే ఉంది. చలికి కిటికీ మూసి, సందుల్లో గుడ్డ కుక్కారు. ఆ యింటి పెద్దాయన నాతో అన్నమాట: "గ్యాస్ వాసనే రాలేదండీ మాస్టారూ!"

ఎందుకు వస్తుంది? వాసన మండని గ్యాసుది. అదీ సహజం కాదు. కారితే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే దుర్గంధద్రవ్యాన్ని కలుపుతారు. ప్రాణం తీసేది, గాలి చాలక గ్యాసు అరకొరగా మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. (బొగ్గుపులుసు వాయువన్నది డయాక్సైడుకు మనవారు పెట్టిన పేరు. దీనికీ ఒక సమాసం కట్టబోయి, అది పలికేలోగా మనిషి ప్రాణం పోయేట్టుందని మానుకున్నాను.) నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

అమెరికాలో మా అమ్మాయి యింట పడకగది బయట గోడకు దీనిని కనిపెట్టే అలారం ఉంది. దాని లోపల చిన్న రసాయన ఘటం. వాయువు అందులోని ఎలక్ట్రోడును తాకి డయాక్సైడుగా మారుతుంది, ఆ మార్పులో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. వాయువు హెచ్చితే విద్యుత్తూ హెచ్చుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. అది పరిమాణాన్ని మాత్రమే కాదు, కాలాన్నీ లెక్కిస్తుంది. అక్కడి యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షలకు 70 పాళ్ళుంటే 1 గంట నుంచి 4 గంటల లోపల మ్రోగాలి. 400 పాళ్ళుంటే 4 నుంచి 15 నిమిషాలలో. విషం నెత్తుటి కెక్కడానికి పట్టే వ్యవధిని బట్టి వేసిన లెక్క అది. కాబట్టి గంట మ్రోగలేదంటే గాలి స్వచ్ఛమని అర్థం కాదు. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బువారు దాని మౌనాన్ని నమ్ముకోరాదు.

ఘటానికి ఆయుర్దాయమూ ఉంది, సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళు. పరీక్ష మీట నొక్కితే తెలిసేది గంటా బ్యాటరీల సంగతే. చాలావాటిలో ఘటం బ్రతికున్నదీ లేనిదీ తెలియదు. నాలుగేసి కూతలు వరుసగా వస్తే బయటకు పరుగెత్తాలి. ఉండి ఉండి ఒక్క కిచకిచ అంటే బ్యాటరీయో ఘటమో అయిపోయిందని. మా అల్లుడుగారు, ఉన్నత విద్యావంతులు, ఆ కిచకిచ భరించలేక దానిని ఊడదీసి సొరుగులో పడవేశారు!

ఇంత చెప్పి, మన గీజరు గదులకు ఈ అలారమే మందని నేననను. తేమకు ఘటం చెడుతుంది గనుక స్నానాలగదిలో దానిని పెట్టవద్దని తయారీదారులే చెబుతారు. గీజరునే ఆరుబయటకు మార్చి, గొట్టంతో వేడినీళ్ళు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. గొట్టానికయ్యే నాలుగు డబ్బులకు వెనుకాడేవారు గీజరు కొననేకూడదని నా అభిప్రాయం.

మా వీధివారు మాత్రం బజారుకు వెళ్ళి వంటగ్యాసు కారితే మ్రోగే యంత్రం కొనితెచ్చారు. "అన్ని గ్యాసులకూ ఇదే"నన్నాడట దుకాణదారు. వంటగ్యాసు గాలికంటె బరువు, నేలబారున పారుతుంది. కార్బన్ మోనాక్సైడు గాలిలో కలిసిపోతుంది. ఒకదాని కావలివాడు రెండవదానిని గుర్తుపట్టడు. రెండుసార్లు వెళ్ళి చెప్పివచ్చాను. యంత్రం పొయ్యి దగ్గర గోడకు మెరుస్తోంది. గీజరు స్నానాలగదిలోనే ఉంది.