1910లో తగలబెట్టారు.. 1941లో నరికేశారు.. ఆ చెట్ల కిందే ఇప్పుడు కుర్రకారు రాయబారం!

వసంతం వచ్చిందంటే చాలు.. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ జలాశయం చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. ఎటు చూసినా తెలుపు, లేత గులాబీ రంగు చెర్రీ పూలు. ఎటు చూసినా సెల్ఫీలే. వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉండే మన తెలుగు కుటుంబాల ఫోన్లలోనూ ఏటా ఈ ఫొటోలు కనిపిస్తూనే ఉంటాయి. నిర్వాహకుల లెక్క ప్రకారం ఈ నేషనల్ చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్‌కు వచ్చేవాళ్లు 15 లక్షల పైమాటే.

ఆ జనం మధ్యలో కొందరు కాలేజీ విద్యార్థులు కనిపిస్తారు. వీళ్లే గుడ్‌విల్ అంబాసిడర్లు. చెట్ల చరిత్ర, జపాన్ సంస్కృతి ముందు తాము నేర్చుకుని, తర్వాత జనానికి చెబుతారు. జీతం తీసుకునే దౌత్యవేత్తలు కాదు. మరి రెండు దేశాల స్నేహాన్ని చెప్పే బాధ్యత కుర్రాళ్ల చేతిలో ఎందుకు పెట్టారు? ఈ పూల వెనక ఉన్న కథ తెలిస్తే సమాధానం దొరుకుతుంది.

మొదటి బహుమతి బూడిదైంది

పొటోమాక్ నది ఒడ్డున సాకురా చెట్లు నాటాలన్నది ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి ఆలోచన. 1885 నుంచి అధికారుల చుట్టూ తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1909లో అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్ ఓకే అన్నారు. టోక్యో నగరం 2,000 మొక్కలు పంపింది. తీరా 1910 జనవరిలో వచ్చిన మొక్కలు చూస్తే నిండా పురుగులు, తెగుళ్లు. చేసేదేం లేక అన్నింటినీ తగలబెట్టారు.

వేరే దేశమైతే అవమానంగా తీసుకునేదేమో. టోక్యో మేయర్ యుకియో ఒజాకీ మాత్రం ఈసారి 3,020 చెట్లు పంపారు. 1912 మార్చి 27న హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య కలిసి మొదటి రెండు మొక్కలు నాటారు. 1915లో అమెరికా కూడా డాగ్‌వుడ్ చెట్లను జపాన్‌కు కానుకగా పంపింది.

పూలు సరే.. మనుషుల సంగతేంటి?

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసింది. నాలుగు రోజులకే టైడల్ బేసిన్ దగ్గర నాలుగు చెర్రీ చెట్లను ఎవరో నరికేశారు. జపాన్ పేరు వినిపించకుండా వాటిని ‘ఓరియంటల్’ చెట్లు అనడం మొదలుపెట్టారు. పండగ ఆగిపోయింది.

చెట్లకు పేరు మారిస్తే సరిపోయింది. మనుషులకు అలా కుదరలేదు. 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లను ఇళ్ల నుంచి తరలించి, ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. అందులో ఎక్కువ మంది అమెరికా పౌరులే! ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారం ప్రకటించేసరికి 1988 వచ్చింది.

యుద్ధం ముగిశాక 1947లో పండగ మళ్లీ మొదలైంది. 1948లో ‘చెర్రీ బ్లాసమ్ ప్రిన్సెస్’ కార్యక్రమం వచ్చింది. రాష్ట్రాల తరఫున యువతులు వస్తారు. క్వీన్ ఎంపికకు అందాల పోటీ ఏమీ ఉండదు. చక్రం తిప్పుతారు, ఎవరి పేరు దగ్గర ఆగితే వాళ్లే క్వీన్. ఆమె తర్వాత జపాన్‌కు వెళ్తుంది. నిన్నమొన్నటి వరకు శత్రువు అనుకున్న దేశానికి ముందుగా యువతను పంపడం.. అసలు పాయింట్ ఇదే. పాత పగ మోయని తరం మాట్లాడితే అవతలివాళ్లు కాస్త తేలిగ్గా వింటారు.

కిమోనో కడితే సరిపోతుందా?

ఈ తరహా ప్రచారంపై విమర్శలూ ఉన్నాయి. 2015లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో సందర్శకులు కిమోనో వేసుకుని మోనే పెయింటింగ్ ముందు ఫొటో దిగే ఏర్పాటు చేశారు. ఆసియా సంస్కృతిని ఫ్యాన్సీ డ్రెస్‌లా మార్చేశారంటూ కొందరు నిరసనకు దిగారు. మ్యూజియం వెనక్కి తగ్గింది. మరోవైపు, కిమోనో అందరూ వేసుకుంటే తప్పేంటని జపాన్ మూలాలున్న వాళ్లే కొందరు అడిగారు.

అంటే చిక్కు బట్టల్లో లేదు. ఎంత చెబుతున్నాం అన్నదాంట్లో ఉంది. సుషీ, టైకో డ్రమ్స్, అనిమే దగ్గరే ఆగిపోతే అది స్టాల్. 1912తో పాటు 1942 గురించి కూడా చెబితేనే అది రాయబారం. ఆ పాఠానికి దూరం వెళ్లక్కర్లేదు. కాపిటల్ భవనానికి దగ్గర్లోనే జపనీస్ అమెరికన్ల స్మారకం ఉంది. అక్కడ ముళ్లతీగలో చిక్కుకున్న రెండు కొంగల శిల్పం కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవి.. అవే చెర్రీ చెట్లు!

ఇప్పుడెందుకు ముఖ్యం?

2025లో టారిఫ్‌ల విషయంలో రెండు దేశాల మధ్య గట్టి బేరాలే నడిచాయి. అయినా అమెరికా 250వ స్వాతంత్య్ర వేడుకకు 250 చెర్రీ చెట్లు ఇస్తామని జపాన్ 2024లో ఇచ్చిన మాట అలాగే ఉంది. టైడల్ బేసిన్ గట్టు మరమ్మతుల కోసం అదే 2024లో వందకు పైగా చెర్రీ చెట్లను తీసేయాల్సి వచ్చింది. సో, కొత్త మొక్కల అవసరం నిజంగానే ఉంది.

మనకూ ఇందులో విషయం ఉంది. ఐదేళ్లలో ఇరువైపులా కలిపి 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని 2025 ఆగస్టులో భారత్, జపాన్ లక్ష్యం పెట్టుకున్నాయి. అందులో 50,000 మంది ఇక్కడి నుంచి వెళ్లే నైపుణ్యం గల ఉద్యోగులు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా యువతను జపాన్ ఉద్యోగాలకు పంపుతోంది. భాష నేర్చుకుని అక్కడ అడుగుపెట్టే నర్సుకు మెడలో అంబాసిడర్ బ్యాడ్జ్ ఉండదు. కానీ పక్కింటి జపాన్ అవ్వకు మన దేశం అంటే ఆ అమ్మాయే.

చివరిగా ఒక మాట. వాషింగ్టన్ చెట్లకు తల్లి లాంటి తోట టోక్యోలో అరకావా నది ఒడ్డున ఉండేది. యుద్ధ సమయంలో అది పాడైపోయింది. 1952లో జపాన్ సాయం అడిగితే, అమెరికా తన చెర్రీ చెట్ల కొమ్మలనే కోసి అంటు కట్టుకోవడానికి పంపించింది. 40 ఏళ్ల కిందట ఇచ్చిన బహుమతి అలా పుట్టింటికి చేరింది. పండగలో కుర్రాళ్లు చెప్పాల్సిన కథల్లో ఇది ముందుండాలి.