ఇత్తడి మెరుపు వెనక

ఇంగ్లండులో డిడ్‌కాట్ రైల్వే సెంటర్ ఫొటోలు చూస్తే కళ్ళు ముందు మెరుపు మీదకే పోతాయి. అక్కడి గ్రేట్ వెస్టర్న్ ఆవిరి ఇంజన్లలో చాలావాటికి పొగగొట్టం చివర రాగి టోపీ, బాయిలర్ మీద సేఫ్టీ వాల్వుకి ఇత్తడి తొడుగు. తళతళా! "ఇదంతా షో రా" అని మా టీములో ఒకడు తేల్చేశాడు. నేనొప్పుకోను.

ఆ ఇంజన్ల రోజుల్లో డ్రైవర్ కావాలనుకున్న కుర్రాడు ముందు క్లీనర్‌గా చేరాలి. తర్వాత ఫైర్‌మన్, ఎన్నో ఏళ్ళకి గానీ డ్రైవర్ కాడు. నూనెగుడ్డతో చక్రాలూ, వాటిని తిప్పే కడ్డీలూ తుడుస్తూనే ఏ భాగం ఎక్కడుందో తెలిసేది. జిడ్డు పోతేనే కదా ఉక్కులో సన్నటి పగులో, వదులైన నట్టో కంటపడేది! అంటే తుడవడం సగం టెస్టింగే. (మన దగ్గర ఫ్రెషర్‌ని పాత బగ్గుల మీద కూర్చోబెడితే మొహం మాడ్చుకుంటాడు. నేనూ మాడ్చుకున్నాను లెండి.)

1960ల్లో ఈ పనికి కుర్రాళ్ళు దొరక్క ఇంజన్లు మసికొట్టుకుపోయి తిరిగాయి. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేస్ మెయిన్ లైన్ల మీద ఆవిరి ఆపేసింది. ఇప్పుడా గుడ్డ పట్టుకునేది ఎక్కువగా జీతం లేని వాలంటీర్లే.

నా గొడవల్లా ఒకటే. ఫొటోల కోసం ఇత్తడి ఒక్కటే తోమి, కింద కడ్డీల్ని జిడ్డుతో వదిలేస్తే అది నిజంగానే షో. పైగా పాలిష్‌లో ఉండేది సన్నటి రాపిడి పొడి. తోమిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది, ఏళ్ళ తరబడి తోమితే చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోతాయి. నన్నడిగితే చక్రాల దగ్గర మొదలెట్టి, టైముంటేనే ఇత్తడి దగ్గరకి రావాలి.