చెవిలో వేసిన మాట, నోటికి వేసిన తాళం



మిల్లులో పుకారు పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒక అమ్మాయి రెండు రోజులు సెలవు పెడితే చాలు. జ్వరమా, ఇంట్లో ఏదైనా పనా అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. టీ వేళ ఒకరి చెవిలో పడ్డ మాట షిఫ్టు మారేలోగా మిల్లంతా తిరుగుతుంది. సాయంత్రం బస్సెక్కి ఏ. పళ్లిపట్టిలో ఆమె తల్లిదండ్రుల గడప దాకా పోతుంది. మర్నాడు ఆమెను పనికి పంపరు. ఒక ఇంటికి జీతం పోయింది. మాట పుట్టించినవాడికి మాత్రం ఒక్క పూట కూలి కూడా తెగదు.

మగవారి మీదా చాడీలుంటాయి. ఫలానావాడు మేనేజరుకు మాటలు మోస్తున్నాడని, ఫలానావాడు చందా డబ్బు తిన్నాడని అంటారు. అటువంటివాటికి గేటు మీటింగులో జవాబు చెప్పవచ్చు, రసీదు పుస్తకం తెచ్చి చూపవచ్చు. ఆడమనిషి నడవడి మీద పడ్డ మాటకు ఏ పుస్తకం తెచ్చి చూపాలి? 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఫ్యాక్టరీల చట్టం 66(1)(బి) సెక్షన్‌ను కొట్టివేసి, స్త్రీలు రాత్రి షిఫ్టులో పనిచేయడానికి దారి తెరిచింది. రాత్రి పని మొదలైంది గాని, రాత్రి పనికి వెళ్లే స్త్రీని చూసే మన చూపు మారలేదు.

సూపర్‌వైజరు చెయ్యి పట్టుకున్నాడని ఫిర్యాదు చేయాలనుకున్న స్త్రీ ముందుగా భయపడేది యాజమాన్యానికి కాదు, మనకు. “ఈమె చనువివ్వనిదే వాడు అంత దూరం వస్తాడా?” అని పక్క ఫ్రేము మీద ఉన్నవారే అంటారు. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకొకరు అందుకుంటారు. (ఈ సామెత ఎప్పుడూ ఆడవాళ్ల మీదే ఎందుకు ప్రయోగిస్తారో మాకు అర్థం కాదు.) జీతం భత్యం లేకుండా ఆ సూపర్‌వైజరుకు కాపలా కాసేది మన గుసగుసలే.

దీని చివర ఎక్కడికి పోతుందో దిండిగల్ జిల్లాలో చూశాం. 2021 జనవరిలో అక్కడి దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ల దళిత యువతి హత్యకు గురైంది. ఆమె సూపర్‌వైజరును పోలీసులు అరెస్టు చేశారు. తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ సోదరీమణులు పోరాడగా 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. పని జరిగే చోటనే యూనియన్ శిక్షణ ఇచ్చిన స్త్రీలు తోటివారి మాట వినేలా ఏర్పాటు చేశారు. మొదటి ఏడాదిలోనే 185 ఫిర్యాదులు వచ్చాయి. అన్ని కష్టాలు అంతకుముందు లేవా? ఉన్నాయి. చెప్పుకుంటే నలుగురూ నవ్వకుండా వినేవారు లేరు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా యాజమాన్యం అంతర్గత కమిటీ వేయాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలుండాలి, బయటి నుంచి ఒకరుండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాయడం రానివారికి రాయడంలో కమిటీయే సాయపడాలి. ఫిర్యాదు చేసినవారి పేరు, ఫిర్యాదులోని సంగతులు బయటికి పొక్కనీయరాదని 16వ సెక్షన్ చెబుతోంది. విచారణ బాధ్యత ఉన్నవారే వాటిని బయటపెడితే శిక్ష ఉంది. క్యాంటీన్‌లో ఆ పేరు చెప్పుకుని నవ్వే తోటి కార్మికుడికి ఆ సెక్షన్ శిక్ష వేయదు. అతని సంగతి యూనియన్ చూసుకోవాలి.

అందుకని ఫిర్యాదు చేసిన స్త్రీని గురించి చెడుగా ప్రచారం చేసేవారు ఎంత పాత సభ్యులైనా, వారిని కార్యవర్గం ముందుకు పిలిపిస్తాం. కమిటీ సభ్యుల పేర్లు గేటు బోర్డు మీద తమిళంలోనూ తెలుగులోనూ రాయించాలని యాజమాన్యానికి లేఖ ఇచ్చాం. వచ్చిన జవాబును ఇదే పేజీలో అచ్చు వేస్తాం.