ఫోన్‌లో "పూర్తయింది", మెట్ల మీద చీకటి

పోస్టు కొంచెం పొడుగే. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చేవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదివి రండి. అక్కడ మైకు దొరికేది రెండు నిమిషాలు. ఈ మాట రెండు నిమిషాల్లో చెప్పలేను.

ఆడి నెల రెండో ఆదివారం రాత్రి మన సత్రంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. నాయుడుపేట వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు కలిపి నలభైమందికి పైగా మేడ మీద దిగారు. భవానీ అమ్మకు వేపాకు చీర మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. జనరేటర్ తిరగలేదు. చీకట్లో మెట్లు దిగుతూ ఒక పెద్దావిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మొక్కు తీర్చుకోవాల్సిన మనిషి తెల్లవారుజామున చేతికి కట్టుతో ఊరికి తిరిగి వెళ్లింది. వెళ్తూ "మీ తప్పు కాదులే నాయనా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే తప్పు మనదే.

మరుసటి రోజు గ్రూపులో రెండు పక్షాలు లేచాయి. "యాన్యువల్ కాంట్రాక్టుకు డబ్బు కట్టాం, యాప్‌లో విజిట్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఇక మనం చేసేదేముంది, అంతా అమ్మ దయ" అన్నది ఒక పక్షం. "ఆ యాప్ గోల వద్దు, పాడైనప్పుడు మెకానిక్‌ను పిలుద్దాం, పాతకాలంలో ఇవన్నీ ఉన్నాయా" అన్నది రెండో పక్షం. రెండూ తప్పే. రెండూ ఒకే తప్పు. మన సత్రాన్ని చూసుకునే బాధ్యత వేరే ఎవరిదో అన్న నమ్మకమే రెండింటికీ మూలం.

నేను రెండు సాయంత్రాలు కూర్చుని సర్వీసు కంపెనీ పోర్టల్‌లో మన పేరున ఉన్న రికార్డును, వాచ్‌మన్ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడు నెలలకొకసారి విజిట్. నవంబరు, ఫిబ్రవరి, మే, ఆగస్టు. ప్రమాదం జరిగే నాటికి మూడు అయిపోయి ఉండాలి.

నవంబరు విజిట్ అసలు పుట్టనే లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో పునరావృత ప్రణాళికకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మన పాత ఒప్పందం అక్టోబరు ఆఖరుతో ముగిసింది. కొత్త కాగితం మీద మన కార్యవర్గం సంతకం పెట్టింది డిసెంబరులో. ముగింపు తేదీ దాటగానే సాఫ్ట్‌వేర్ పని ఆర్డర్లు పుట్టించడం ఆపేసింది. ఎవరికీ ఏ గంటా మోగలేదు.

ఫిబ్రవరి విజిట్ "పూర్తయింది" అని ఉంది. రిజిస్టరులో ఆ వారమంతా ఎవరి సంతకమూ లేదు. ఫోటో లేదు, మీటరు రీడింగు లేదు. గడువు దాటిన పని ఎర్రగా కనిపిస్తే పైవాళ్లు అడుగుతారు. అందుకని ఆఫీసులోనే ఎవరో మూసేశారు. ఇది కంపెనీ తప్పు, అందులో సందేహం లేదు. కానీ రుజువు లేకుండా మూయడానికి వీలున్న ఫారాన్ని ఒప్పుకున్నది ఎవరు?

మే విజిట్ నిజంగానే జరిగింది. కుర్రాడు ఎండలో బండి మీద వచ్చాడు. బోరు మోటారు చూశాడు, ఆర్‌ఓ ప్లాంటు చూశాడు, వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. జనరేటర్‌ను ముట్టుకోలేదు. అతని ఫోన్‌లో మన సత్రం కింద జనరేటరే లేదు మరి. ఒప్పందం మొదట రాసుకున్నప్పుడు మనకు జనరేటర్ లేదు. తర్వాత కొన్నాం, రిబ్బను కట్ చేశాం, ఫోటోలు పెట్టాం. యంత్రాల జాబితాలో చేర్చమని మాత్రం ఒక్కరం చెప్పలేదు. అతను అబద్ధం ఆడలేదు, సాఫ్ట్‌వేర్ అబద్ధం ఆడలేదు. మనం చెప్పని సంగతి వాళ్లకు తెలియలేదు. అంతే.

ఆ రాత్రి తిరగకపోవడానికి కారణం పెద్ద జబ్బేమీ కాదు, బ్యాటరీ. టెర్మినళ్లకు తెల్లటి పూత పట్టి ఉంది. పది నిమిషాల పని.

కాబట్టి "యాప్ వద్దు" అనేవాళ్లకు నా జవాబు: పాడయ్యాక పిలవడం అంటే యంత్రం పాడయ్యే రోజును యంత్రమే ఎంచుకోనివ్వడం. అది ఎప్పుడూ జనం ఉన్న రోజునే ఎంచుకుంటుంది. జనరేటర్ పని పడేదే ఆ రోజున కదా. పాతకాలం మాట ఎత్తారు కనుక అదీ చెబుతాను. మన జిల్లా చెరువులన్నీ శతాబ్దాలు నిలిచింది పాడయ్యాక పిలిచి కాదు. పూడిక తీయడం, కట్ట గట్టి చేయడం ఊరివాళ్లే చేసుకునే ఆ ఏర్పాటు పేరు కుడిమరామత్తు. కుడి అంటే జనం, మరామత్తు మన మరమ్మతే. 2017లో తమిళనాడు ప్రభుత్వం చెరువుల పథకానికి మళ్లీ ఆ పేరే పెట్టింది. ఇంకా వెనక్కి పోతే, మనకు దూరం కాని ఉత్తిరమేరూరులో పరాంతక చోళుడి కాలపు శాసనం ఉంది. సుమారు 920 నాటిది. చెరువును చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక వారియం, అంటే కమిటీ. సభ్యుల పదవి 360 రోజులు. లెక్క అప్పజెప్పనివాడికి మళ్లీ పోటీ చేసే అర్హత లేదు. మన కార్యవర్గం ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

"యాప్ చూసుకుంటుంది" అనేవాళ్లకు నా జవాబు: యాప్ దేన్నీ చూడదు, గుర్తు మాత్రమే చేస్తుంది. మన దేశంలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెయింటెనెన్స్ షెడ్యూల్ ఒక పత్రం, మెయింటెనెన్స్ విజిట్ ఇంకో పత్రం. రెండోదాంట్లో పని పాక్షికంగా జరిగిందా, పూర్తిగా జరిగిందా అని విడిగా అడుగుతుంది. రావాలి అనుకోవడం వేరు, వచ్చి చేయడం వేరని దాన్ని రాసినవాళ్లకు తెలుసు. మనం మొదటిదానికి డబ్బు కట్టి రెండోది దొరికిందని మురిసిపోయాం.

అసలు మూడు నెలలకొకసారి అన్న లెక్క ఎక్కడిది? ఒప్పందం ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉన్న గడి అది. మన సత్రానికి మూడు రకాల కాలం ఉంది.

మొదటిది పంచాంగం. ఆడి నెలకు ముందు, అంటే జూన్‌లో, ఒక తనిఖీ. ఈశాన్య రుతుపవనానికి ముందు, అంటే సెప్టెంబరులో, ఇంకొకటి. ఆరణి ఏరు పొంగే నెలల్లో సంపు మోటారు, ఎర్తింగు, పిడుగు తీగ చూసుకోకపోతే ఎలా? ఈ తేదీలు జరగకూడదు. పోయిన విజిట్ ఆలస్యమైనా సరే, ఇవి స్థిరంగా ఉండాలి.

రెండోది చివరిసారి పని జరిగిన రోజు. ఆర్‌ఓ ఫిల్టరు ఫిబ్రవరిలో మార్చాల్సింది ఏప్రిల్‌లో మారిస్తే, తర్వాతి మార్పు ఏప్రిల్ నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే కొత్త ఫిల్టరును తీసి పారేస్తాం, లేదా పాతదాన్ని ఈడుస్తాం.

మూడోది తిరిగిన గంటలు. జనరేటర్ ఆయిల్ మార్పుకు తయారీదారు పుస్తకంలో గంటల లెక్క ఉంటుంది. ఆడి నెలలో రోజూ తిరిగే యంత్రానికీ జనవరిలో మూలన పడి ఉన్న యంత్రానికీ ఒకే తేదీ పెడితే అది లెక్క కాదు, మొక్కుబడి.

మంచి ఫీల్డ్ సర్వీసు సాఫ్ట్‌వేర్లలో ఈ మూడింటికీ చోటుంది. అడగాలి. మనం అడగలేదు.

డబ్బు సంగతి కూడా దాచను. విజిట్లు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, హుండీ పెరగదు. కానీ ఇప్పుడున్న నాలుగింట్లో ఒకటి మాత్రమే నిజమైతే, మనం ఒక్క విజిట్‌కు నాలుగింతలు కడుతున్నట్టు. ముందు ఆ చిల్లు పూడ్చుదాం. ఆ కుర్రాడి మీద పడేవాళ్లకూ ఒక మాట. రోజుకు ఎన్ని పనులు మూశావన్నదే లెక్కైతే, మూయడమే నేర్చుకుంటాడు. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు. అతని ఫోన్‌లోకి ఏ జాబితా పోతోందో చూద్దాం.

ఆదివారం నేను పెట్టబోయే తీర్మానం ఇది:

1. సత్రంలోని ప్రతి యంత్రానికీ నంబరు అతికించి, ఆ జాబితా ఒప్పందంతో జత చేయాలి. కొత్తది కొన్న వారంలోపు చేర్చాలి.
2. ప్రతి యంత్రానికీ విడి చెక్‌లిస్టు. జనరేటర్ అయితే బ్యాటరీ వోల్టేజీ, లోడు మీద పది నిమిషాల పరుగు తప్పనిసరి.
3. ఫోటో, రీడింగు, వాచ్‌మన్ సంతకం లేకుండా పని మూయడానికి వీల్లేదు.
4. పని ఆర్డరు మూడు వారాల ముందే పుట్టాలి. ఆ సందేశం కంపెనీతోపాటు మన ఇద్దరు సభ్యులకూ రావాలి.
5. ఒప్పందం ముగియడానికి రెండు నెలల ముందే రెన్యూవల్ చర్చకు పెట్టాలి.
6. ఆ ఇద్దరు సభ్యుల పదవి ఏడాది. లెక్క చెప్పకపోతే మళ్లీ లేదు.

ఆ ఇద్దరిలో ఒకడిగా నా పేరు రాసుకోండి. రెండో పేరు మీలో ఎవరిదో ఆదివారం చెప్పండి. "అన్నా, నాకు టైం లేదు" అనేవాళ్లు ఒక్కసారి సత్రం మెట్ల దగ్గర నిలబడి, లైటు ఆర్పి, నాలుగు మెట్లు దిగి చూసి రండి.

ఆ పెద్దావిడకు నిన్న ఫోన్ చేశాను. కట్టు ఇంకా విప్పలేదట. వచ్చే ఆడికి మళ్లీ వస్తానంది. అప్పటికి ఆ మెట్ల మీద దీపం వెలగాలి.